బొంత కుట్టించే ముందు

పాలంపేటలోని రామప్ప గుడికి విహారయాత్ర వెళ్ళిన విద్యార్థులు ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "నీళ్ళలో తేలే ఇటుకలు ఎక్కడున్నాయండీ?" కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు క్రీ.శ. 1213లో కట్టించిన ఆలయమది. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. (పాలంపేట పాత వరంగల్లు జిల్లాలోని ఊరు; 2019 నుండి ములుగు జిల్లాలో ఉంది.) ఆ ఇటుకలు చేతికి అందేవి కావు. పైన విమానంలో ఉన్నాయి. అవి తేలడానికి కారణం మాత్రం మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. మట్టిలో ఊక, రంపపు పొట్టు వంటివి కలిపి కాలిస్తే అవి కాలిపోయి, వాటి చోట సన్నసన్నని ఖాళీలు మిగులుతాయి. ఖాళీల నిండా గాలి చేరుతుంది. గాలి బరువు లెక్కలోకి రానంత తక్కువ కాబట్టి ఇటుక మొత్తం సాంద్రత నీటి సాంద్రత కంటె తగ్గిపోతుంది. సాంద్రత తగ్గితే తేలక ఏమవుతుంది?

గుడి చూసి, చెరువు గట్టు మీద కాసేపు కూర్చుని తిరిగి వచ్చేటప్పుడు దారిలోని ఇళ్ళవైపు కూడా ఒక చూపు వేయండి. చలికాలంలో ఏదో ఒక ఇంటి ముందు, మంచం మీదనో దండెం మీదనో, ఎండకు వేసిన బొంత కనిపించకపోదు. శిఖరం మీది ఇటుకకూ ఈ బొంతకూ దగ్గరి చుట్టరికం ఉంది. రెండింటిలోనూ అసలు పని చేసేది గాలే.

గాలిని కప్పుకోవడం

బొంత వెచ్చగా ఉంటుందని అంటాం. కాని బొంతకు తనదంటూ వెచ్చదనం ఏమీ లేదు. నమ్మకపోతే రెండు సమానమైన మంచుముక్కలు తీసుకుని, ఒకదానిని పళ్ళెంలో వదిలేసి, రెండవదానిని పలుచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి బొంతలో చుట్టండి. బొంత వేడినిచ్చేదైతే చుట్టిన మంచు ముందు కరగాలి. అది ఆలస్యంగా కరుగుతుంది! బయటి వేడిని లోపలికి, లోపలి వేడిని బయటికి పోనివ్వకపోవడమే బొంత పని.

ఈ పనికి దూది కంటె గాలే ఎక్కువ ఉపయోగపడుతుంది. చిన్న లెక్క వేద్దాం. 200 సెంటీమీటర్ల పొడవు, 150 సెంటీమీటర్ల వెడల్పు, 3 సెంటీమీటర్ల మందం గల ఒక రజాయిలో 2 కిలోల దూది నింపారనుకోండి. రజాయి ఘనపరిమాణం 90,000 ఘన సెంటీమీటర్లు, అంటే 90 లీటర్లు. దూది పోచ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.54 గ్రాములు. కాబట్టి 2,000 గ్రాముల దూది నిజంగా ఆక్రమించే చోటు 1,300 ఘన సెంటీమీటర్లే. ఒక లీటరూ మరికొంత! మిగిలిన 88 లీటర్లకు పైగా ఉన్నది ఉత్త గాలి. బజారులో మనం దూదికి డబ్బిచ్చి, రాత్రిపూట గాలిని కప్పుకుంటున్నాం.

గాలి అధమ ఉష్ణవాహకమని చదివారు. అయితే గదినిండా గాలి ఉన్నా మనకు చలి వేస్తూనే ఉంది కదా? అక్కడ గాలి కదులుతుంది. వేడెక్కిన గాలి పైకి పోతుంది, చల్లని గాలి ఆ చోటికి వస్తుంది. దీనినే సంవహనం అంటారు. దూదిపోచల మధ్య, చీర మడతల మధ్య చిక్కిన గాలికి కదిలే వీలుండదు. అది నిలిచిపోతుంది. నిలిచిన గాలిని అలాగే నిలిపి ఉంచడానికే కుట్లు.

మన పల్లెల్లో బొంత అంటే పాత నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరచి, లావు దారంతో మొత్తం మీద తిన్నని కుట్లు వేసినది. దూది నింపినది రజాయి లేదా పరుపు. దూదిని ఏకిపెట్టి, నింపి, కుట్టి ఇచ్చే పని తరతరాలుగా దూదేకులవారిది. వాళ్ళ విల్లు గొప్ప పరికరం. తాడును కొయ్యతో మీటగానే అది కంపిస్తుంది. ఆ కంపనాలు గడ్డకట్టిన దూదిలోకి చొరబడి పోచను పోచ నుండి విడదీస్తాయి. పిడికెడు దూది చూస్తూండగానే బుట్టెడవుతుంది. దూది పెరగలేదు. మధ్యలోకి గాలి చేరింది, అంతే. ఇప్పుడు చాలాచోట్ల విల్లు పోయి ఏకే యంత్రాలు వచ్చాయి. బొంతలు కుట్టే స్త్రీలు మాత్రం ఇంకా పల్లెల్లో ఉన్నారు; కొందరు తమ ఇంటికి కుట్టుకుంటారు, కొందరు కూలికి కుట్టి ఇస్తారు.

కూలికి కుట్టించేటప్పుడు గుడ్డలు ఇచ్చేది మనం, కుట్టేది వారు. బొంత బాగా వచ్చిందా పాడైపోయిందా అన్నది సగానికి పైగా మనం గుడ్డలు చేతికిచ్చే సమయానికే తేలిపోతుంది. కుట్టు పొరలను ఎలా ఉంటే అలా బంధిస్తుంది గాని, వంకరను సరిచేయదు. ఇది నాకు పుస్తకంలో తెలిసిన విషయం కాదు.

నా చిన్నతనంలో మా ఇంట్లో ఒక బొంత కుట్టించారు. పైన మా నాయనమ్మ తెల్లని నూలు చీర. అప్పటికి ఆమె పోయి ఏడాదయింది. అడుగున వేసేందుకు కొత్త ఎర్రగుడ్డ కొని తెచ్చారు. తెచ్చినది తెచ్చినట్లే కుట్టే ఆమెకు ఇచ్చారు. పది రోజులు కూర్చుని ఆమె చక్కగా కుట్టింది. సంక్రాంతి తరువాత మొదటిసారి ఉతికారు. బొంత అప్పడంలా వంకరలు తిరిగింది. పైచీర ముడతలు పడి ఉబ్బిపోయింది. తెలుపంతా చారలు చారలుగా గులాబీరంగు. పంటలు వచ్చాక ఇస్తామన్న సగం కూలి మావాళ్ళు ఇవ్వలేదు. "నా కుట్టు ఒక్కటన్న ఊడిందా సూడుండ్రమ్మా" అని ఆమె బొంతను వాకిట్లో పరచి చూపించింది. ఒక్కటీ ఊడలేదు. అయినా ఎవరూ వినలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇప్పుడు చూద్దాం.

గుడ్డ ఎందుకు కుదించుకుపోతుంది?

కొత్త నూలు గుడ్డను తడిపితే పొట్టిదవుతుందని అందరికీ తెలుసు. తడిసిన దారం ఉబ్బాలి గదా, పొట్టిది ఎందుకవుతుంది? అక్కడే తమాషా ఉంది. నూలు పోచ నీటిని పీల్చుకుని అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో పెద్దగా మారదు. గుడ్డలో పడుగు దారాలు పేక దారాల పైనుండీ కిందనుండీ అలల మాదిరి వంగుతూ పోతాయి. పేక దారాలు లావెక్కగానే పడుగు దారం మరింత లావైన గుంజల చుట్టూ తిరిగి పోవలసివస్తుంది. దారం పొడవు అంతే ఉంది, దారి వంకరలు పెరిగాయి. కాబట్టి గుడ్డ పొట్టిదవుతుంది. తాడును అయిదు సన్నని పెన్సిళ్ళ మధ్య పైకీ కిందికీ పోనిచ్చి, తరువాత పెన్సిళ్ళు తీసి లావు కర్రలు పెట్టి చూడండి. తాడు రెండు కొసలూ దగ్గరికి వస్తాయి. దీనికి తోడు మగ్గం మీద, మిల్లులో గుడ్డను బిగించి లాగుతారు. ఆ బిగువు తడపగానే సడలిపోతుంది.

కొత్త నూలు గుడ్డ నూటికి 3 నుండి 5 వంతుల వరకు కుదించుకుపోవడం మామూలే. మా బొంత అడుగుగుడ్డ 200 సెంటీమీటర్లని, నూటికి 4 వంతులు కుదించుకుందని అనుకుందాం. అది 192 సెంటీమీటర్లయింది. పైన ఉన్న పాతచీర వందసార్లు ఉతికినది; అది కుదించుకోవలసినదంతా ఏనాడో అయిపోయింది. అది 200 సెంటీమీటర్లలోనే ఉంది. రెండూ వేల కుట్లతో ఒకటిగా బిగించి ఉన్నాయి. మిగిలిన 8 సెంటీమీటర్ల చీర ఎక్కడికి పోతుంది? కుట్టుకూ కుట్టుకూ మధ్య ముడతగా పైకి లేవడం తప్ప దానికి దారి లేదు. కుట్టు ఎంత గట్టిదైతే ముడత అంత స్పష్టంగా కనిపిస్తుంది! ఆమె కుట్టు బాగుండబట్టే మా బొంత అంత వికారంగా తయారైంది. ఈ లెక్క నాకు అర్థమయ్యేనాటికి ఆమె మా ఊరికి రావడం మానేసింది.

కాబట్టి కొత్తగుడ్డ ఏదైనా సరే, ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండబెట్టి, ఇస్త్రీ చేసి గాని ఇవ్వకూడదు. ఎంత కుదించుకుందో కొలవడం కూడా మంచి ప్రయోగమే. తడపక ముందు గుడ్డ మధ్యలో 50 సెంటీమీటర్ల చదరం దారంతో కుట్టి గుర్తు పెట్టండి. ఆరిన తరువాత నిలువూ అడ్డమూ విడివిడిగా కొలవండి. రెండు అంకెలూ ఒకటి కావని గమనిస్తారు.

ఈ ఉతుకులోనే కొత్తగుడ్డకు పట్టించిన గంజి కూడా పోతుంది. గంజి ఉన్న గుడ్డలో సూది కష్టంగా దిగుతుంది. పైగా గంజి పురుగులకు మంచి ఆహారం.

రంగు సంగతి. ముదురు ఎరుపు, నీలం, నలుపు గుడ్డలను అసలు నమ్మవద్దు. తెల్లగుడ్డముక్కను తడిపి, రంగుగుడ్డ మీద గట్టిగా యాభైసార్లు రుద్దండి. తెల్లగుడ్డకు రంగు అంటితే అది ఇంకా వదులుగా ఉన్నదన్నమాట. నీళ్ళు తేటగా వచ్చేవరకు మళ్ళీమళ్ళీ ఉతకాలి. ఎంతకీ తేటపడకపోతే ఆ గుడ్డను తెల్లచీర పక్కన వేయకండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. గుడ్డకు రంగు వేసే సమయంలో కొన్ని రంగులు పోచలోకి చేరడానికి ఉప్పు తోడ్పడుతుందనేది నిజమే. కాని అద్దకం పూర్తయిన గుడ్డలో అంటీ అంటక మిగిలిపోయిన రంగును ఉప్పు కట్టిపడేయలేదు. దానిని వదిలించుకోవడమే మార్గం.

పాత చీరలను వెలుతురుకు పట్టి చూడండి

ప్రతి చీరా అంతటా ఒకేలా అరగదు. కిటికీకి ఎదురుగా పట్టుకుని నిలువునా జరుపుకుంటూ పోతే ఎక్కడ పలచబడిందో వెలుతురే చెబుతుంది. అనుమానం ఉన్నచోట రెండు బొటనవేళ్ళతో పట్టి మెల్లగా లాగండి. చిరుగుతున్న చప్పుడు వస్తే ఆ ముక్కను కత్తిరించి లోపలి పొరలో వేయండి. గట్టి ముక్కలను పైకీ కిందికీ ఉంచండి. లోపలి పొరను ఎవరూ రుద్దరు, ఎండా తగలదు. అక్కడ గాలిని పట్టి ఉంచడానికి పలచని గుడ్డయినా చాలు.

పాలియెస్టరు చీరను నూలుచీరతో కలపకండి. రెండింటికీ తేడా తెలియకపోతే ఒక నీటిచుక్క వేయండి. పాతనూలు చటుక్కున పీల్చుకుంటుంది. పాలియెస్టరు మీద చుక్క చాలాసేపు మెరుస్తూ నిలుస్తుంది. పాలియెస్టరు తడిసినా కుదించుకోదు, నూలుకు తగిన ఇస్త్రీ వేడి తగిలితే మాత్రం కరుగుతుంది, కుట్టేటప్పుడు చేతికింద జారిపోతుంది. మూడు గుణాలూ పక్కపొరతో పొత్తు కుదరనివే.

ఇక మూలల సంగతి

నాలుగు ముక్కలు కలిపి పైపొర తయారుచేశారు. ఎదురెదురు అంచులు కొలిచారు: రెండు నిలువులూ 200, రెండు అడ్డాలూ 150. సరిపోయిందని సంతోషించారు. తొందరపడకండి. అవే కొలతలు సమాంతర చతుర్భుజానికి కూడా సరిపోతాయి! అలాంటి పైపొర కింద మూలలు సరిగ్గా ఉన్న అడుగుగుడ్డ పరిస్తే ఒక మూల గుడ్డ మిగులుతుంది, పక్క మూల చాలదు. కుట్టేవారు చాలని మూలను లాగి సరిపెడతారు. ఉతకగానే లాగినచోట మళ్ళీ వెనక్కు పోతుంది.

పరీక్ష చాలా సులభం. కర్ణాలు రెండూ కొలవండి. దీర్ఘచతురస్రంలో కర్ణాలు సమానం. మన బొంతకు పైథాగొరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం ఎంత ఉండాలో ముందే చెప్పవచ్చు: 150, 200 అనేవి 3, 4 లకు యాభై రెట్లు, కాబట్టి కర్ణం 5 కు యాభై రెట్లు, 250 సెంటీమీటర్లు. ఒకటి 254, మరొకటి 246 వచ్చిందంటే మూల పోయిందన్నమాట. ఇల్లు కట్టే మేస్త్రీలు పునాది గీసేటప్పుడు ఇదే లెక్కను దారం పట్టుకుని చేస్తారు, మీరు చూసే ఉంటారు.

మూల పోవడానికి ఎక్కువసార్లు కారణం గుడ్డను ఏటవాలుగా కత్తిరించడమే. మీ నూలు రుమాలు తీసుకోండి. పడుగు వెంట లాగండి, సాగదు. పేక వెంట లాగండి, కొంచెం సాగుతుందేమో. ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకుని లాగండి. రబ్బరులా సాగుతుంది! దారాలు సాగలేదు. పడుగూ పేకా కలిసి చేసిన చిన్నచిన్న చదరాలు పక్కకు ఒరిగి, రాంబస్‌లుగా మారాయి. తలుపు లేని ద్వారబంధం ఒరిగినట్లే. అందుకే బొంత బయటి అంచులో ఏటవాలు అంచున్న ముక్కలు రాకుండా చూసుకోవాలి. తప్పనిసరి అయితే ఆ అంచు వెంట ఒక వరుస సన్నకుట్టు ముందే వేసి ఉంచాలి; ఆ దారం అంచును సాగనివ్వదు.

కుట్టిన అతుకులను వెనుకవైపు ఇస్త్రీతో అణచి ఇవ్వాలి. ఇస్త్రీపెట్టెను అటూ ఇటూ తోస్తే గుడ్డ సాగుతుంది. పెట్టి, ఎత్తి, పక్కన పెట్టాలి. ముడతలు పోవడం కూడా రసాయనశాస్త్రమే. నూలులోని సెల్యులోజు అణువులను పక్కపక్కన పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. తేమ, వేడి తగలగానే అవి వదులవుతాయి; తేమ ఆరిపోతూండగా గుడ్డ ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్ళీ బిగుసుకుంటాయి. నలిగిన గుడ్డకు కొంచెం నీళ్ళు చల్లి ఇస్త్రీ చేయడం అందుకే.

అతుకును ఏ వైపు మడవాలి అన్నది మీకు చిన్న విషయంగా తోచవచ్చు. కాగితాలతో చేసి చూడండి. రెండు కాగితాలు కలిపి అతుకును ఒక పక్కకు మడిస్తే అక్కడ 3 పొరలు. ఇలాంటి జంటలు రెండు చేసి, వాటిని మళ్ళీ కలపండి. రెండు జంటల్లోనూ అతుకులు ఒకేవైపు మడిచి ఉంటే, నాలుగు ముక్కలు కలిసే మూలలో 3 × 3, మొత్తం 9 పొరలు ఒకే చోట గుట్టపడతాయి. ఒక జంటలో కుడికి, రెండవ జంటలో ఎడమకు మడిస్తే ఒకపక్క 7, మరొకపక్క 5 పొరలు మాత్రమే వస్తాయి. దీనికి బొంత పొరలు కూడా తోడైతే సూది వంగేదీ విరిగేదీ ఆ గుట్ట దగ్గరే. కుట్టే మనిషి వేలికి గాయమయ్యేది కూడా అక్కడే.

వెనుకవైపు వేలాడే దారపు కొసలు కత్తిరించండి. నల్లదారం కొస తెల్లచీర కింద ఉండిపోతే పైకి వెంట్రుకలా కనిపిస్తుంది. ఒకసారి కుట్టాక దానిని బయటికి లాగడం బ్రహ్మతరం కాదు.

పొడుగు చేతి యంత్రం

ఇప్పటివరకు చెప్పినది చేతికుట్టు సంగతి. అమెరికా వంటి దేశాల్లో బొంత పైపొరను ఇంట్లో తీరిగ్గా తయారుచేసుకుని, పొరలు కలిపి కుట్టే పనిని మాత్రం యంత్రమున్న వారికి ఇచ్చే అలవాటు బాగా ఉంది. ఆ యంత్రాన్ని లాంగ్ ఆర్మ్ అంటారు. మన ఇళ్ళలోని కుట్టుమిషనుకు సూదికీ కుడివైపు నిలువు కంబానికీ మధ్య జానెడు చోటైనా ఉండదు. బొంతను చుట్టచుట్టి ఆ సందులో దూర్చి తిప్పవలసి వస్తుంది. పొడుగు చేతి యంత్రంలో ఆ చోటు సుమారు 45 నుండి 75 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. అసలు భేదం అది కూడా కాదు. మామూలు మిషనులో యంత్రం కదలదు, గుడ్డ కదులుతుంది. ఇక్కడ గుడ్డను చట్రానికి బిగించి ఉంచుతారు. యంత్రమే పట్టాల మీద చక్రాలతో ముందుకూ వెనుకకూ, పక్కలకూ తిరుగుతూ కుడుతుంది. రాసేటప్పుడు కాగితాన్ని కదపకుండా కలాన్ని కదిపినట్లు.

చట్రానికి పొడవాటి రోలర్లు ఉంటాయి. అడుగుగుడ్డ ఒక కొసను ఒక రోలరుకూ, రెండవ కొసను మరో రోలరుకూ బిగించి, మధ్యలో చదునుగా సాగేటట్లు చుడతారు. దానిమీద దూదిపొర, ఆపైన పైపొర. కుట్టిన మేరకు ఒక రోలరు మీదికి చుట్టుకుంటూ పోతుంది.

ఈ పద్ధతికి గుడ్డలు సిద్ధం చేసేవారు పాటించే నియమాలు వింటే మొదట వింతగా ఉంటాయి, కారణం తెలిస్తే ఎంతో సహజమనిపిస్తాయి. అడుగుగుడ్డ, దూదిపొర ప్రతి పక్కనా 10 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలంటారు. అంటే 150 × 200 పైపొరకు అడుగుగుడ్డ 170 × 220 ఉండాలి. రోలరుకు పట్టించడానికి, పక్కలను పట్టకార్లతో లాగి ఉంచడానికి ఆ మిగులు కావాలి. యంత్రం తల పోయి పట్టకారుకు కొట్టుకోకుండా ఎడం కూడా ఉండాలి. అదీగాక కుట్టు పడ్డచోటల్లా గుడ్డ కిందికి నొక్కుకుని మళ్ళీ పైకి లేస్తుంది కాబట్టి, కుట్టిన బొంత కుట్టని పొరల కంటె కొంచెం చిన్నదవుతుంది. అడుగుగుడ్డ అంచులు తిన్నగా, మూలలు సరిగ్గా ఉండి తీరాలి. వంకర గుడ్డను రోలరుకు చుడితే ఒక పక్క బిగుసుకుని మరోపక్క వేలాడుతుంది. అడుగుగుడ్డలో అతుకు ఉంటే అది రోలరుకు సమాంతరంగా వచ్చేటట్లు చూసుకుంటారు. అడ్డంగా వస్తే ప్రతి చుట్టులోనూ అతుకు మీద అతుకు పడి ఒకేచోట గడ్డ కడుతుంది.

చేతితో కుట్టేవారికి ఇచ్చేటప్పుడు పొరలు జారకుండా ముందే పెద్దపెద్ద టాకాలు వేసి ఇస్తే ఎంతో మేలు. యంత్రానికి ఇచ్చేటప్పుడు టాకాలు అసలు వేయకూడదు! పొరలు వేర్వేరుగా బిగించాలి గనుక అవి కలిసి ఉంటే పని మొదలే కాదు. ఒకే లక్ష్యానికి రెండు విరుద్ధమైన నియమాలు. ఎవరు ఎలా కుడతారో అడిగి తెలుసుకోకుండా సిద్ధం చేయడం మొదలుపెట్టకూడదని ఇందువల్లే అంటున్నాను.

బొత్తాలు, పూసలు, లంబాడీ స్త్రీలు కుట్టే అద్దాల పని వంటివి పైపొర మీద ఉంటే యంత్రపు పాదం వాటికి తగిలి ఆగిపోతుంది, అద్దం పగులుతుంది. అలంకరణ ఎప్పుడూ పొరలు కుట్టడం పూర్తయ్యాకే.

కుట్లు ఎంత దగ్గరగా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కుట్టువరుసలు దూరదూరంగా ఉంటే లోపలి దూది జారి ఒక మూలకు చేరుతుంది; ఖాళీ అయినచోట చలి దూరుతుంది. వరుసలు మరీ దగ్గరైతే దూది అణగి గాలి బయటికి పోతుంది, బొంత బరువే గాని వెచ్చదనం తగ్గుతుంది. పాతచీరల బొంతలో దూది లేదు, జారడమనే ప్రశ్న తక్కువ. అయినా అక్కడ కుట్లు దగ్గరగా వేస్తారు. ఆ చీరలు పలచబడినవి. ఒక్కొక్క పొరకు లేని బలాన్ని దారమే ఇవ్వాలి. దూదిపొర కొనేటప్పుడు కుట్లు ఎంత ఎడంగా ఉండవచ్చునో అడిగి తెలుసుకుని కుట్టేవారికి చెప్పడం మన పని.

చివరగా, తడి. నూలు చేతికి పొడిగా తోచినా దానిలో ఎంతోకొంత తేమ ఉంటుంది. మామూలు వాతావరణంలో బరువులో నూటికి సుమారు 8 వంతులు. ఇది సహజం. కాని ఉతికిన గుడ్డలను సగం ఆరగానే మడిచి మూటకట్టి ఇస్తే లోపల బూజు పడుతుంది, కుట్టాక ఆ వాసన పోదు. పైగా నిలిచిన గాలి కంటె నీరు వేడిని ఇరవై రెట్లకు పైగా వేగంగా తీసుకుపోతుంది. మంచి ఎండ ఉన్న రోజు చూసి, రెండువైపులా తిప్పి ఎండబెట్టి, చల్లారాక మడవండి. మడతలు మరీ బిగించకుండా పెద్దగా వేయండి.

మడిచిన మూటలో పైన ఒక కాగితం పెట్టండి. పైపొర కొలత, అడుగుగుడ్డ కొలత, ఏ గుడ్డ పాతది, ఏది కొత్తగా తడిపి ఇచ్చినది, కుట్లు ఎంత ఎడంగా కావాలి, దారం ఏ రంగు, ఇవన్నీ అందులో రాయండి. పైపొరలో తలవైపు వచ్చే అంచుకు ఒక చిన్న గుడ్డపీలిక టాకా వేసి, దానిమీద "తల" అని రాసి ఉంచండి. కూలి ఎంతో, ఎప్పుడు ఇస్తారో ఆ కాగితంలోనే రాయండి.